డాష్‌క్యామ్‌కు బయటి మైక్ బిగించడం ఎలా: సాకెట్ ఉన్నా, లేకపోయినా

డాష్‌క్యామ్, అంటే కారు ముందు అద్దానికి అంటించే కెమెరా, తీసిన వీడియోలో ఎదుటి బండి నంబరు ప్లేటు చక్కగా కనిపిస్తుంది. కారులో కూర్చున్నవాళ్లు ఏం మాట్లాడారో మాత్రం ఏసీ హోరులో, టైర్ల రొదలో కలిసిపోతుంది. డ్రైవింగ్ నేర్పేవాళ్లకు, క్యాబ్ నడిపేవాళ్లకు, దారిలో మాట్లాడుతూ వీడియోలు తీసేవాళ్లకు ఇదే పెద్ద చిక్కు. చాలామంది వెంటనే ఖరీదైన మైక్ కోసం వెతుకుతారు. కానీ ఇక్కడ ఫలితాన్ని తేల్చేవి రెండే: మైక్ నోటికి ఎంత దగ్గరగా ఉంది, దానికి అందే కరెంటు ఎంత శుభ్రంగా ఉంది. ధర ఆ తర్వాతి సంగతి.

ఎందుకో లెక్క చూడండి. మామూలుగా మాట్లాడే గొంతు ఒక మీటరు దూరంలో సుమారు 60 డెసిబెల్ ఉంటుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే మామూలు కారులో, అద్దాలు ఎత్తి ఉన్నా, రొద 65 నుంచి 70 దాకా చేరుతుంది. అద్దానికి అంటించిన కెమెరా డ్రైవరు నోటికి 60, 70 సెంటీమీటర్ల దూరంలో ఉంటే, వెనక సీటుకు ఒకటిన్నర మీటరు దూరంలో ఉంటుంది. అంటే వెనకవాళ్ల మాట రొదకంటే కిందే ఉండిపోతుంది. దూరం సగానికి తగ్గిన ప్రతిసారీ మాట 6 డెసిబెల్ పెరుగుతుంది, రొద మాత్రం కారంతా దాదాపు ఒకేలా ఉంటుంది. మైక్‌ను 35 సెంటీమీటర్లకు తెస్తే మాట రొదతో సమానమవుతుంది, చెవి దాన్ని పట్టుకోగలుగుతుంది. స్టూడియో మైకుల్లో గొప్పగా చెప్పుకునే 'తక్కువ సొంత గోల' అనే గుణానికి ఈ హోరులో విలువ లేదు. దానికి డబ్బు పెట్టకండి.

ముందు ఉన్న మైక్‌నే అనుమానించండి

కొత్తది కొనేముందు పది నిమిషాలు దీనికి కేటాయించండి. సెట్టింగ్స్‌లో ఆడియో రికార్డింగ్ ఆన్‌లో ఉందా? చాలా కెమెరాల్లో ఒక్క బటన్ నొక్కితే మ్యూట్ అయిపోతుంది, ఆ సంగతి నెలల తరబడి ఎవరూ గమనించరు. కెమెరా ఒంటి మీద సూది మొనంత రంధ్రం ఉంటుంది, అదే మైక్ రంధ్రం. కొత్త కెమెరా మీద అంటించి వచ్చే పల్చటి ప్లాస్టిక్ పొర దాని మీద అలాగే ఉండిపోయిందేమో చూడండి. స్టాండు గానీ, అద్దం గానీ ఆ రంధ్రాన్ని మూస్తోందేమో కూడా చూడండి. దుమ్ము ఉంటే మెత్తటి బ్రష్‌తో పైపైన తుడవండి, సూది మాత్రం దూర్చొద్దు, లోపలి పొర చిరుగుతుంది.

తర్వాత ఇంజిన్ ఆపి, అద్దాలు ఎత్తి, ఏసీ ఆపి ఒక నిమిషం మాట్లాడి వినండి. ఆ నిశ్శబ్దంలో కూడా గొంతు నూతిలోంచి వచ్చినట్టుంటే మైక్‌లో గానీ రంధ్రంలో గానీ లోపం ఉంది. నిశ్శబ్దంలో బాగుండి, బండి కదిలాకే మాట మునిగిపోతుంటే సమస్య దూరానిది. బయటి మైక్ పనికొచ్చేది ఈ రెండో సందర్భంలోనే.

మీ కెమెరాకు మైక్ సాకెట్ ఉందా?

ఒంటి మీద కనిపించిన ప్రతి గుండ్రటి రంధ్రమూ మైక్ సాకెట్ కాదు. డాష్‌క్యామ్‌లలో తరచూ కనిపించే 2.5 మిల్లీమీటర్ల సాకెట్ వెనక కెమెరా కోసం, కొన్నింటిలో జీపీఎస్ కోసం. వెనక కెమెరా సాకెట్‌లో ఆ కెమెరాను నడిపే కరెంటు కూడా వస్తుంది. అందులో మైక్ దూరిస్తే మైక్ కాలిపోవచ్చు, షార్ట్ అయితే కెమెరా బోర్డే పోవచ్చు. యూఎస్‌బీ పోర్టూ అంతే. ఆ పోర్టు చార్జింగ్‌కూ, కంప్యూటర్‌కు ఫైళ్లు ఎక్కించడానికే. యూఎస్‌బీ మైక్ పెట్టినా కెమెరా దాన్ని గుర్తించదు. యాక్షన్ కెమెరాలను డాష్‌క్యామ్‌గా వాడేవాళ్లకు మాత్రం కొన్ని మోడళ్లలో యూఎస్‌బీ ద్వారా ప్రత్యేక మైక్ అడాప్టర్ పనిచేస్తుంది. అదైనా ఆ కంపెనీ చెప్పిన అడాప్టరే అయి ఉండాలి.

మాన్యువల్‌లో 'మైక్ ఇన్' అని రాసి ఉంటే సరే. అనుమానంగా ఉంటే మల్టీమీటర్‌తో తేల్చుకోవచ్చు. ఆ సాకెట్‌కు సరిపోయే పాత ప్లగ్ ఒకటి తీసుకుని, దాని వైర్లు ఒకదానికొకటి తగలకుండా విడదీసి, కెమెరా ఆన్ చేసి, ప్లగ్ మొనకూ అడుగు భాగానికీ మధ్య డీసీ వోల్టేజీ కొలవండి. 1.5 నుంచి 3 వోల్టుల మధ్య వస్తే అది బయాస్, అంటే మైక్ నడవడానికి కెమెరా ఇచ్చే చిన్న కరెంటు, అయ్యే అవకాశం ఎక్కువ. 5 వోల్టుల దగ్గర కనిపిస్తే అది వెనక కెమెరా సప్లై, దూరంగా ఉండండి. సున్నా వస్తే ఆడియో బయటికి వచ్చే సాకెట్ కావచ్చు, లేదా బయాస్ ఇవ్వని మైక్ ఇన్‌పుట్ కావచ్చు. అప్పుడు మాన్యువలే దిక్కు.

సాకెట్ ఉన్నవాళ్లు ప్లగ్ వలయాలు కూడా లెక్కపెట్టుకోవాలి. ఫోన్ల కోసం అమ్మే కాలర్ మైకుల ప్లగ్ మీద మూడు నల్ల వలయాలు, నాలుగు లోహపు భాగాలు ఉంటాయి. అందులో మైక్ అన్నిటికంటే కింది భాగానికి కలిపి ఉంటుంది. కెమెరా సాకెట్‌లు ఎక్కువగా మూడు భాగాలవి, మైక్‌ను మొన దగ్గర వెతుకుతాయి. నేరుగా పెడితే నిశ్శబ్దమే రికార్డవుతుంది. నాలుగు భాగాల ప్లగ్‌ను మూడు భాగాలకు మార్చే చిన్న అడాప్టర్ దొరుకుతుంది, అది పెడితే చాలు.

బోయా బీవై-ఎం1 లాంటి మైక్‌లకు 6 మీటర్ల వైరు, కెమెరాకూ ఫోన్‌కూ మార్చుకునే స్విచ్, లోపల ఎల్‌ఆర్44 బటన్ బ్యాటరీ ఉంటాయి. ఒకరోజు షూటింగ్‌కు మంచివే. కారులో శాశ్వతంగా బిగించడానికి మాత్రం పనికిరావు. స్విచ్ ఆపడం మరిచిపోతే బ్యాటరీ అయిపోతుంది, మే నెల ఎండలో మూసిన కారులో ఆ బ్యాటరీ కారిపోయే ప్రమాదం కూడా ఉంది. పైగా మిగిలిన నాలుగైదు మీటర్ల వైరును చుట్టచుట్టి డాష్‌బోర్డులో కుక్కితే గోలను పట్టే ఏరియల్ అవుతుంది. శాశ్వతంగా పెట్టేది కెమెరా ఇచ్చే బయాస్‌తోనే నడిచే చిన్న వైరు మైక్ అయి ఉండాలి.

సాకెట్ లేకపోతే: కెమెరా విప్పి మైక్ బయటికి తేవడం

మార్కెట్‌లో దొరికే మామూలు కెమెరాల్లో చాలావాటికి మైక్ సాకెట్ ఉండదు. కానీ లోపలున్నది తరచూ 4 నుంచి 6 మిల్లీమీటర్ల వెడల్పున్న, రెండు కాళ్ల ఎలక్ట్రెట్ మైక్. దాన్ని తీసి, అదే రకం మైక్‌ను షీల్డ్ వైరుతో, అంటే లోపలి తీగ చుట్టూ లోహపు అల్లిక ఉన్న వైరుతో, నోటి దగ్గరికి తేవచ్చు. సోల్డరింగ్ చేతనైనవాళ్లకు ఇది గంట, గంటన్నర పని. వారంటీ పోతుంది. వారంటీ ఉన్న కెమెరా అయితే ఈ భాగం వదిలేసి చివర్లో చెప్పిన పద్ధతి చూడండి.

కావలసినవి ఇవి:

- 6 లేదా 9.7 మిల్లీమీటర్ల ఎలక్ట్రెట్ మైకులు 3. దుకాణంలో 'కండెన్సర్ మైక్' అని అడగాలి, 'ఎలక్ట్రెట్' అంటే అర్థం కాకపోవచ్చు. ఒక్కొక్కటి కొన్ని పదుల రూపాయలకు మించదు. సోల్డరింగ్ వేడికి ఒకటి పోయినా ఇంకోటి ఉండాలనే మూడు.
- షీల్డ్ మైక్ వైరు, 2 నుంచి 3 మిల్లీమీటర్ల మందం, అవసరమైన దూరం కంటే 20 సెంటీమీటర్లు ఎక్కువ. లోపల రెండు తీగలున్నది తీసుకుంటే ఏ బోర్డుకైనా పనికొస్తుంది.
- 33 పికోఫారడ్ సెరామిక్ కెపాసిటర్ 1, 10 మైక్రోఫారడ్ కెపాసిటర్ 1, 1 కిలో ఓమ్ రెసిస్టర్ 1. చివరి రెండూ అవసరమైతేనే.
- హీట్ ష్రింక్ స్లీవ్, 25 వాట్ల సోల్డరింగ్ ఐరన్, 0.6 మిల్లీమీటర్ల సన్నటి సోల్డర్, మల్టీమీటర్.
- మైక్‌కు తొడిగే చిన్న ఫోమ్ టోపీ.

హైదరాబాద్‌లో ఇవన్నీ కోఠి గుజరాతీ గల్లీలో ఒక్క చక్కరులో దొరుకుతాయి. వేరే ఊళ్లలో టీవీ, యాంప్లిఫయర్ విడిభాగాలు అమ్మే దుకాణాల్లో అడగండి. పాత ల్యాండ్‌లైన్ ఫోన్ రిసీవర్లోంచి తీసిన మైక్ కూడా చాలావరకు పనిచేస్తుంది.

మైక్‌ను బిగించేముందు పరీక్షించుకోండి. వెనక రెండు బిందువులుంటాయి. ఏ బిందువు నుంచి బయటి లోహపు డబ్బాకు సన్నటి గీతలు కలిసి ఉన్నాయో అది నెగటివ్. మల్టీమీటర్‌ను 20 కిలో ఓమ్ రేంజిలో పెట్టి, ఎర్ర ప్రోబ్ రెండో బిందువుకూ నల్లది నెగటివ్‌కూ ఆనించి మైక్ మీద ఊదండి. అంకె కదిలితే మైక్ బతికే ఉంది.

ఇక పని.

1. కెమెరాను కరెంటు నుంచి తీసేసి, మెమరీ కార్డు బయటికి తీయండి. లోపల లిథియం బ్యాటరీ ఉంటే విప్పగానే మొట్టమొదట దాని కనెక్టర్ ఊడదీయాలి. బ్యాటరీకి బదులు కరెంటు దాచే సూపర్ కెపాసిటర్ ఉన్న కెమెరా అయితే పావుగంట వదిలేసి, దాని కాళ్ల మధ్య వోల్టేజీ అర వోల్టు కంటే తగ్గిందని కొలిచి చూశాకే బోర్డును ముట్టుకోండి. దాంతో షాక్ కొట్టదు, కానీ స్క్రూడ్రైవర్ జారి షార్ట్ అయితే బోర్డు పోతుంది.

2. స్క్రూలు తరచూ స్టిక్కర్ కింద గానీ రబ్బరు కాళ్ల కింద గానీ దాక్కుంటాయి. ఒంటిని పాత ఏటీఎం కార్డు లాంటి ప్లాస్టిక్ ముక్కతో మెల్లగా విడదీయండి. లెన్సుకూ స్క్రీన్‌కూ పోయే పల్చటి రిబ్బన్ కేబుళ్లు లాగితే తెగుతాయి. విప్పే ప్రతి దశలోనూ ఫోన్‌తో ఒక ఫొటో తీసుకోండి.

3. మైక్ ఏ రకమో చూడండి. గుండ్రటి లోహపు డబ్బా, రెండు కాళ్లు లేదా రెండు తీగలు ఉంటే ముందుకు సాగండి. బోర్డుకే అతుక్కుని, 3, 4 మిల్లీమీటర్ల నలుచదరపు లోహపు మూత ఉన్న చిప్పు కనిపిస్తే ఆగిపోండి. అది మెమ్స్ మైక్. వాటిలో కొన్ని డిజిటల్ సంకేతం పంపుతాయి, క్లాక్ తీగ, డేటా తీగ వేరుగా ఉంటాయి. అలాంటిదాని స్థానంలో ఎలక్ట్రెట్ మైక్ పెడితే ఏమీ రికార్డు కాదు. కెమెరా మూసేసి వేరే దారి చూడటమే తెలివైన పని.

4. బోర్డు మీద మైక్ నెగటివ్ బిందువుకూ యూఎస్‌బీ పోర్టు లోహపు గోడకూ మధ్య రెసిస్టెన్స్ కొలవండి. ఇది చాలామంది వదిలేసే మెట్టు. సున్నాకు దగ్గరగా వస్తే ఆ బిందువు నేరుగా గ్రౌండే (బోర్డు మొత్తానికీ ఉమ్మడి నెగటివ్), ఒంటి తీగ షీల్డ్ వైరు చాలు: లోపలి తీగ ప్లస్‌కు, షీల్డ్ నెగటివ్‌కు. వందల ఓమ్‌లో, కిలో ఓమ్‌లో వస్తే ఆ బోర్డు రెండు వైపుల నుంచీ సంకేతం తీసుకునే రకం. అప్పుడు రెండు తీగల వైరు తప్పనిసరి. తీగలు ప్లస్‌కూ మైనస్‌కూ, షీల్డ్ విడిగా యూఎస్‌బీ గ్రౌండ్‌కూ, అదీ కెమెరా వైపు మాత్రమే. ఈ తేడా చూడకుండా షీల్డ్‌ను మైక్ నెగటివ్‌కు కలిపితే, తర్వాత ఎన్ని ఫిల్టర్లు పెట్టినా గుయ్యిమనే శబ్దం పోదు.

5. పాత మైక్‌ను తీసేయండి. ఐరన్ 320 నుంచి 350 డిగ్రీల మధ్య ఉండాలి, ఒక్కో బిందువు మీద రెండు మూడు క్షణాలకు మించి ఉంచొద్దు. బిందువు రాగి రేకుతో సహా లేచి వస్తే మళ్లీ అతికించడం కష్టం. పాత మైక్‌ను అలాగే ఉంచి కొత్తది పక్కన కలపొద్దు. శబ్దం ఒక మిల్లీసెకనులో 34 సెంటీమీటర్లు ప్రయాణిస్తుంది. అర మీటరు ఎడంగా ఉన్న రెండు మైకులు ఒకే మాటను మిల్లీసెకనున్నర తేడాతో అందుకుంటే కొన్ని స్వరాలు ఒకదాన్నొకటి చంపుకుని, గొంతు రేకు డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది.

6. వైరును ముందుగా తాత్కాలికంగా అతికించి, బ్యాటరీ కలిపి ఒక నిమిషం రికార్డు చేసి వినండి. అదే సమయంలో బోర్డు మీద మైక్ వైరు అతికించిన రెండు బిందువుల మధ్య వోల్టేజీ కొలవండి, 1 నుంచి 2.5 వోల్టుల మధ్య ఉంటే ఆరోగ్యంగా ఉన్నట్టు. సున్నా అయితే షార్ట్. బోర్డు సప్లై మొత్తం, అంటే సుమారు 3 వోల్టులు, అక్కడే కనిపిస్తే తీగ ఎక్కడో తెగింది. ప్లస్ మైనస్‌లు తారుమారైతే గొంతు చాలా సన్నగా వస్తుంది, లేదా అసలు రాదు.

7. మైక్ వైపు అతికించేటప్పుడు డబ్బాను చిన్న లోహపు క్లిప్‌తో పట్టుకుంటే వేడి క్లిప్‌లోకి పోతుంది. లేకపోతే ఎలక్ట్రెట్ పొర తన విద్యుదావేశాన్ని కోల్పోయి మైక్ మందగిస్తుంది. 33 పికోఫారడ్ కెపాసిటర్‌ను కూడా ఇక్కడే రెండు బిందువుల మధ్య పెట్టండి. ఫోన్ సిగ్నళ్లను అది మింగేస్తుంది.

8. మైక్ మొత్తాన్ని, ముందు ముఖం ఒక్కటి వదిలి, హీట్ ష్రింక్‌తో కప్పేయండి. డబ్బా మైక్ నెగటివ్‌కు కలిసి ఉంటుందని గుర్తుంచుకోండి. అది కారు పైకప్పు రేకుకు తగిలితే కెమెరాకు కారుతో రెండో గ్రౌండ్ ఏర్పడుతుంది, ఆల్టర్నేటర్ (ఇంజిన్‌తో తిరుగుతూ కారుకు కరెంటు పుట్టించే యంత్రం) ఈల అక్కడే మొదలవుతుంది.

9. కెమెరా ఒంటికి 3 మిల్లీమీటర్ల రంధ్రం చేసి వైరు బయటికి తీయండి. లోపల ఒక ముడి గానీ చిన్న జిప్ టై గానీ ఉంటే వైరు లాగినప్పుడు భారం సోల్డర్ మీద పడదు. గ్లూ గన్ జిగురు వాడకండి, ఎండలో అద్దం దగ్గర మెత్తబడి జారిపోతుంది. ఎపాక్సీ మంచిది. సిలికాన్ వాడితే వెనిగర్ వాసన రానిదే వాడాలి, ఆ వాసన ఉన్నది రాగిని తినేస్తుంది.

వైరు శాశ్వతంగా వేలాడకూడదనుకుంటే రంధ్రంలో 3.5 మిల్లీమీటర్ల స్విచ్ సాకెట్ పెట్టుకోవచ్చు. ఇందులో ప్లగ్ పెట్టగానే తెరుచుకునే ఒక కాంటాక్టు ఉంటుంది. బోర్డు ప్లస్‌ను సాకెట్ మొన కాంటాక్టుకు, లోపలి పాత మైక్ ప్లస్‌ను ఆ స్విచ్ కాంటాక్టుకు, రెండింటి నెగటివ్‌లనూ అడుగు కాంటాక్టుకు కలపండి. ప్లగ్ పెడితే బయటి మైక్, తీస్తే పాత మైక్. స్థలం ఉన్న పెద్ద కెమెరాలకే ఇది కుదురుతుంది, నెగటివ్ నేరుగా గ్రౌండ్ అయిన బోర్డులకే పెట్టండి.

కారులో మైక్ ఎక్కడ, వైరు ఎటు

కార్ల కంపెనీలు తమ బ్లూటూత్ మైక్‌ను ఎక్కడ పెడతాయో చూస్తే చాలు: ఎక్కువగా పైకప్పు మీద, రూఫ్ లైట్ పక్కన. డ్రైవరుకూ పక్క సీటుకూ సమానంగా దగ్గర, ఏసీ గాలి నేరుగా తగలదు. కొన్ని కార్ల కింది వేరియంట్లలో అక్కడ మైక్ లేకుండా ఖాళీ జాలీ మాత్రమే ఉంటుంది, మన మైక్‌కు అంతకంటే మంచి చోటు దొరకదు. కారు సొంత బ్లూటూత్ మైక్ తీగను చీల్చి కెమెరాకు కలపాలనే ఆలోచన మాత్రం వద్దు. దానికి స్టీరియో తన వోల్టేజీ తాను ఇస్తుంది, రెండూ కలిస్తే రెండూ పాడవచ్చు.

వెనక సీటు మాట కూడా కావాలంటే మైక్‌ను ముందు సీట్ల తలల మధ్యకు, పైకప్పు నడిమికి జరపండి. అన్ని వైపుల నుంచీ వినే మామూలు మైకే ఇక్కడ సరైనది. ఒక దిక్కునే వినే మైకులకు వెనక వైపు కూడా రంధ్రాలుంటాయి. వాటిని రూఫ్ లైనింగ్‌లో పూడ్చితే ఆ గుణం పోతుంది, పెట్టిన డబ్బు వృథా. మైక్ ముఖాన్ని అద్దం వైపు తిప్పకండి. అద్దం నుంచి తిరిగొచ్చే శబ్దం గొంతును బోలుగా చేస్తుంది.

వైరు దారి విషయంలో ఒకే ఒక్కటి ప్రాణాల మీదికి తెచ్చేది. పక్క కర్టెన్ ఎయిర్‌బ్యాగులు పైకప్పు రెండు అంచుల వెంబడీ, ఏ-పిల్లర్ (ముందు అద్దం పక్కనుండే స్తంభం) దాకా మడిచి ఉంటాయి. వాటి ముందు నుంచి వైరు లాగితే బ్యాగు తెరుచుకునేటప్పుడు అడ్డుపడుతుంది, లేదా ఆ వైరే కొరడాలా మొహానికి తగులుతుంది. మైక్ వైరు పైకప్పు మధ్యలో నడిస్తే ఈ గొడవే ఉండదు: కెమెరా నుంచి నేరుగా పైకి, ముందు అద్దం అంచులోంచి లైనింగ్ కిందికి, అక్కడి నుంచి రూఫ్ లైట్ దాకా. చాలా కార్లలో 40 నుంచి 60 సెంటీమీటర్లు చాలు, వెనక దాకా పోవాలంటే 2 మీటర్లు. లైనింగ్‌ను ప్లాస్టిక్ ట్రిమ్ టూల్‌తోనే పైకి లేపండి, స్క్రూడ్రైవర్‌తో లేపితే పడ్డ మడత మళ్లీ పోదు.

పవర్ వైరు ఏ-పిల్లర్ మీదుగానే దిగాలి, ఎయిర్‌బ్యాగు వెనక నుంచి. తెలియని కారు అయితే ఆ ఒక్క ముక్క ఎలక్ట్రీషియన్‌కు వదిలేయండి. మైక్ వైరుకూ పవర్ వైరుకూ మధ్య కనీసం 10, 15 సెంటీమీటర్ల ఎడం ఉంచండి. ఒకదాన్నొకటి దాటక తప్పని చోట అడ్డంగా దాటించండి, జంటగా పోనివ్వకండి. క్యాబ్‌లలో ఉండే జీపీఎస్ ట్రాకర్ పెట్టె దగ్గరి నుంచి కూడా మైక్ వైరు పోకూడదు, అందులో సిమ్ కార్డు ఉంటుంది, నిమిషానికోసారి సిగ్నల్ పంపుతూనే ఉంటుంది.

వైరు పొడవైతే గొంతు మందగిస్తుందని కొందరు భయపడతారు. ఎలక్ట్రెట్ మైక్‌కు 3 మీటర్ల షీల్డ్ వైరు వల్ల వినబడేంత నష్టం లేదు. నష్టమంతా షీల్డ్ లేని వైరు వాడటం వల్లే.

విని చూడటం, గోల పట్టడం

ఐదు రికార్డింగులు చేయండి, ఒక్కోటి ఒక నిమిషం: ఇంజిన్ ఆపి, ఐడిల్‌లో ఏసీ రెండో నంబరు మీద, బండి నిలిపి ఇంజిన్‌ను 2500 ఆర్‌పీఎమ్‌కు ఎక్కించి దించుతూ, 60 వేగంలో అద్దాలు ఎత్తి, అదే వేగంలో ఒక అద్దం దించి. ప్రతిసారీ అదే వాక్యాన్ని అదే గొంతుతో చెప్పండి. కార్డును కంప్యూటర్‌లో పెట్టి ఇయర్‌ఫోన్‌తో వినండి, కెమెరా చిన్న స్పీకర్లో ఏమీ తెలియదు. ఆడాసిటీ అనే ఆడియో ఎడిటింగ్ ప్రోగ్రాంలో తెరిస్తే మాట శిఖరాలు సున్నాకు 6 నుంచి 12 డెసిబెల్ కింద ఉండటం మంచిది. గీత పైనా కిందా బల్లపరుపుగా కోసినట్టుంటే స్థాయి ఎక్కువైంది.

అలా ఎక్కువైతే 10 మైక్రోఫారడ్ కెపాసిటర్‌నూ 1 కిలో ఓమ్ రెసిస్టర్‌నూ ఒకదాని వెనక ఒకటి కలిపి, ఆ జంటను మైక్ రెండు కాళ్ల మధ్య పెట్టండి. కెపాసిటర్ ప్లస్ కాలు మైక్ ప్లస్ వైపు. బోర్డులో బయాస్ రెసిస్టర్ మామూలుగా ఉండే 2.2 కిలో ఓమ్ అయితే స్థాయి సుమారు 10 డెసిబెల్ తగ్గుతుంది. కెపాసిటర్ అడ్డుగా ఉంది కాబట్టి మైక్‌కు అందే డీసీ చెక్కుచెదరదు.

ఇంజిన్ వేగంతో పాటు పెరిగే సన్నటి ఈల వస్తోందా? అది ఆల్టర్నేటర్ నుంచి. ముందు కెమెరాను కారు కరెంటు నుంచి తీసి పవర్ బ్యాంకు మీద నడపండి. ఈల పోతే తప్పు సప్లైది లేదా గ్రౌండ్‌ది. మైక్ డబ్బా రేకుకు తగులుతోందేమో చూడండి, లైటర్ సాకెట్ అడాప్టర్‌ను మంచిదానితో మార్చి చూడండి, పవర్ వైరుకు కెమెరా దగ్గర ఒక ఫెర్రైట్ క్లిప్ (వైరు చుట్టూ బిగించే, గోలను ఆపే చిన్న దిమ్మ) వేయండి. చవక అడాప్టర్లు ఈల కాకుండా నిలకడగా జుయ్యిమనే శబ్దం కూడా తెస్తాయి, మందు అదే. పవర్ బ్యాంకు మీద కూడా గోల ఉంటే తప్పు షీల్డ్‌లోనో సోల్డర్‌లోనో ఉంది.

స్టీరియోల కోసం అమ్మే గ్రౌండ్ లూప్ ఐసొలేటర్‌ను మైక్ వైరులో పెట్టి నిశ్శబ్దం తెచ్చుకున్నవాళ్లున్నారు. నిజంగానే నిశ్శబ్దం. అందులోని ట్రాన్స్‌ఫార్మర్ బయాస్ డీసీని దాటనివ్వదు, మైక్ ఆగిపోతుంది, ఈలతో పాటు మాటా పోతుంది.

టికటికమంటూ విడతలు విడతలుగా వచ్చే శబ్దం 2జీ ఫోన్ సిగ్నల్‌ది. జీఎస్‌ఎమ్ ఫోన్ సెకనుకు 217 సార్లు సిగ్నల్ పంపుతూ ఆపుతూ ఉంటుంది, మనకు వినిపించేది ఆ లయే. ఫోన్‌ను కెమెరాకు అడుగు దూరం జరపండి, 33 పికోఫారడ్ పెట్టకపోతే పెట్టండి.

హారన్ మోగిన తర్వాత మాట రెండు మూడు సెకన్లు మాయమై మెల్లగా తిరిగొస్తే అది మైక్ తప్పు కాదు. కెమెరా తానే స్థాయిని పెంచుతూ దించుతూ ఉంటుంది. అందరూ మౌనంగా ఉన్నప్పుడు బుస్సుమనే శబ్దం పైకి తేలడానికీ కారణం అదే. సెట్టింగ్స్‌లో దాన్ని ఆపే వీలుంటే ఆపండి, లేకపోతే బయటి మైక్‌తో ఇది పూర్తిగా పోదు. మాట దగ్గరగా, గట్టిగా అందితే మాత్రం తగ్గుతుంది.

గాలి దడదడకు ఫోమ్ టోపీ, ఏసీ వెంట్ దిశ మార్చడం చాలు. కెమెరాలో విండ్ నాయిస్ తగ్గించే ఎంపిక ఉంటే ఆన్ చేయండి, టైర్ల అడుగు రొద కూడా దాంతో కొంత తెగుతుంది.

కెమెరా విప్పకుండా

మెమ్స్ మైక్ ఉన్నవాళ్లకూ వారంటీ ఉన్నవాళ్లకూ మిగిలింది విడి రికార్డింగ్. పాత ఫోన్‌లో కాలర్ మైక్ పెట్టి ఆడియో రికార్డు చేసి, కెమెరా ముందు ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి, ఎడిటింగ్‌లో ఆ చప్పుడు దగ్గర రెండింటినీ కలపడమే. కెమెరా ఫైళ్లు ఒకటి, మూడు లేదా ఐదు నిమిషాల ముక్కలుగా ఉంటాయి, ముందు వాటిని వరసగా అతికించాలి. గంటకు మించిన రికార్డింగులో రెండు గడియారాలూ కొద్దికొద్దిగా జారతాయి కాబట్టి అరగంటకోసారి మళ్లీ చప్పట్లు కొట్టండి. వీడియోలు తీసేవాళ్లకు ఇదే మేలైన దారి. ప్రమాదం జరిగినప్పుడు సాక్ష్యం కోసం అయితే పనికిరాదు, అప్పుడు చప్పట్లు కొట్టేదెవరు?

మాట రికార్డు చేస్తున్నామని చెప్పాలా?

రోడ్డును వీడియో తీయడం వేరు, కారులో కూర్చున్నవాళ్ల మాటలు పట్టడం వేరు. గోప్యత ప్రాథమిక హక్కు అని సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో చెప్పింది. 2023 డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం సొంత, ఇంటి అవసరాలకు ఒక వ్యక్తి వాడే సమాచారాన్ని మినహాయించింది గానీ, ప్రయాణికులను ఎక్కించుకునే క్యాబ్‌ను సొంత అవసరం అనడం కష్టం. 'ఈ వాహనంలో ఆడియో, వీడియో రికార్డు అవుతుంది' అని వెనక సీటుకు కనిపించేలా తెలుగులోనూ ఇంగ్లీషులోనూ అంటించండి. వాళ్ల మాటలను అడగకుండా యూట్యూబ్‌లో పెట్టకండి.

విదేశాల్లో ఉన్నవాళ్లు మరింత జాగ్రత్తగా ఉండాలి. అమెరికాలో టెక్సస్‌లో సంభాషణలో పాల్గొన్న ఒక్కరి సమ్మతి చాలు. కాలిఫోర్నియాలో, వాషింగ్టన్ రాష్ట్రంలో ఏకాంత సంభాషణకు అందరి సమ్మతీ కావాలి. జర్మనీలో బహిరంగం కాని మాటను అనుమతి లేకుండా రికార్డు చేయడమే నేరం. ఇలాంటి చోట్ల మైక్ వైరులో చిన్న స్విచ్ పెట్టుకుని, అవసరమైనప్పుడే ఆన్ చేసుకోవడం మేలు.

గొడవో ప్రమాదమో జరిగి రికార్డింగ్ పోలీసులకు ఇవ్వాల్సి వస్తే, వెంటనే కెమెరా ఆపి కార్డు బయటికి తీయండి. లూప్ రికార్డింగ్ పాత ఫైళ్ల మీదే కొత్తవి రాసేస్తుంది. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుతో పాటు ధ్రువపత్రం కావాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలు కొంచెం మారినా మారిపోయే, దాని వేలిముద్ర లాంటి సంఖ్య) కూడా రాయాలి. కాబట్టి అసలు ఫైలును ఎడిట్ చేయొద్దు. గోల తగ్గించడం, స్థాయి పెంచడం లాంటివి ఏం చేసినా నకలు మీదే చేయండి, కార్డును కవరులో పెట్టి తేదీ రాసి దాచండి.